అవ్వ దించిన దీపం

మొన్న మా తమ్ముడి కొడుకు హరి ఫోన్ చేసి, "అత్తా, చేనికాడి పాత బావి పూడ్పిస్తాండాం. రేపు జేసీబీ వస్తాది. నువ్వేమన్నా చూసుకోవాలంటే బిన్నా రా" అన్నాడు. ఎప్పుడో ఎండిపోయిన బావిలో చూసుకోవడానికి ఏముంటుంది, మెడనొప్పి తప్ప. అయినా పొద్దున్నే కదిరి బస్సెక్కాను. నా ఈడు ఆడవాళ్ళు కాశీకి పోతుంటే నేను పాడుబడిన బావిని చూడ్డానికి పోతున్నానని మా కోడలు నవ్వింది. నవ్వనీ. ఆ బావి లోపల పడమటి గోడ మీద ఒక పెద్ద మసి మరక ఉండేది. అది ఇంకా ఉందో లేదో చూడాలనిపించింది. ఉంది. ఇన్ని వానలకూ చెరగలేదు అని రాయబోయాను గానీ, మా సీమలో ఇన్ని వానలు ఎక్కడివి. కురిసిన ఆ కొన్ని వానలకు చెరగలేదు. గట్టు మీద వంగి చూస్తే సీమనూనె వాసన వచ్చింది. అరవయ్యేళ్ళ కిందటి నూనె ఇప్పుడు వాసన కొట్టదని నాకు తెలుసు, బతుకంతా పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినదాన్ని. అయినా వచ్చింది, ఏం చేసేది.

సీమనూనె అంటే కిరసనాయిలు. మా ఇంట్లో దాని పెత్తనమంతా అవ్వది, అంటే మా నాయన వాళ్ళమ్మది. పొద్దు వాలకముందే అరుగు మీద గోనెపట్ట పరచుకొని, లాంతర్లన్నీ ముందర పెట్టుకొని కూర్చునేది. గాజు బుడ్డీలోకి నోటితో ఆవిరి ఊది, మెత్తటి బూడిద చల్లి, పాత పంచె గుడ్డతో మసి తుడిచేది. వత్తి కొసను గోటితో గిల్లి సమం చేసేది. తగరపు గరాటు పెట్టి, ఒక్క చుక్క కింద పడకుండా నూనె పోసేది. ఆమె చేతుల్లో ఎప్పుడూ ఆకువక్క వాసన, తలకు రాసుకునే ఆముదం వాసన, వాటికింద ఈ సీమనూనె వాసన. సంగటి ముద్ద చేసి నోట్లో పెడితే ముద్దలో కూడా అదే ఉందనిపించి నేను ముఖం తిప్పుకునేదాన్ని. "తిను మే. ఇంత కడుపులో పడితే నీకూ చీకట్లో కండ్లు కనపడతాయి" అనేది. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి మూతి ముడిచేది గానీ అత్తను ఏమీ అనేది కాదు. ఆ కాలంలో కోడళ్ళు మూతి ముడవడంతోనే అన్నీ చెప్పుకునేవాళ్ళు.

మా పక్క ఊళ్ళలో బావిలోకి మనిషి దిగాలంటే ముందు దీపం దిగాలి. పూడిక తీయాలన్నా, తెగిపడిన బొక్కెన తీయాలన్నా అంతే. మా ఊళ్ళో ఆ పనికి అవ్వనే పిలిచేవాళ్ళు. చాలాకాలం మూతబడి ఉన్న ఒక బావిలో ఆమె దించిన లాంతరు సగం దూరంలోనే ఆరిపోయిందట. పట్టించుకోకుండా దిగబోయిన మనిషిని ఆమె జుట్టు పట్టుకొని ఆపిందట. తరువాత అదే బావిలోకి పిల్లిని వేస్తే అది లేవలేదని చెప్పుకునేవాళ్ళు. అప్పటినుంచి ఊరంతా ఆమె దీపం మాట జవదాటలేదు. లాంతరును చేంతాడుకు కట్టి నిదానంగా వదిలేది. అది అడుగుకు చేరినాక ఒక ఆకు మడిచి నోట్లో పెట్టుకునేది. నమిలి ఊసేదాకా దీపం ఆరకపోతే "ఉసురుండాది, దిగండి" అనేది. ఆరితే వేపమండలు కట్టి పైకీ కిందికీ ఆడించమనేది, కడవలతో నీళ్ళు కుమ్మరించమనేది. లోపలి చెడ్డగాలి కదిలిపోయినాక మళ్ళీ దీపం. "దీపం ఊపిరి పీల్చేకాడ మనిషీ పీలుస్తాడు" అనేది. నాకు ఆ మాట వింటే ఒళ్ళు జలదరించేది. పట్టపగలు, కళ్ళు మాడే ఎండలో, కింద చీకట్లో ఒక చిన్న పసుపు చుక్క ఒంటరిగా ఊపిరి పీలుస్తూ ఉండడం చూస్తే ఎవరికైనా అట్లాగే ఉంటుంది.

మా బావికి కపిల ఉండేది. ఎద్దులు వెనక్కీ ముందుకీ నడుస్తుంటే తోలుతిత్తి నిండుగా నీళ్ళు పైకొచ్చి కాలువలో పడేవి. ఒక కరువులో ఎద్దులు పోయినాయి. అప్పుడు మా చిన్నాయన ఓబులేసు పట్టుబట్టి కదిరి నుంచి ఒక చిన్న ఇంజను బండి మీద తెచ్చాడు. అది పెట్రోలుతో పుట్టి సీమనూనెతో బతికే రకం. ముందు కాస్త పెట్రోలు పోసి తాడు లాగితే దడదడమని లేచేది. వేడెక్కినాక కుళాయి తిప్పి సీమనూనె మీదికి మార్చాలి. దాన్ని బాగుచేయడానికి వచ్చే మస్తానన్న, "పెట్రోలు తిక్కది పాపా, అగ్గిని చూస్తే చాలు ఎగబడతాది. సీమనూనె నెమ్మదిది, దాన్ని కాకబెట్టి బతిమాలుకోవాల" అని చెప్పేవాడు. చిన్నాయన నా అరచేతిలో ఒక చుక్క పెట్రోలు పోసేవాడు. చల్లగా తగిలి, చూస్తుండగానే మాయమయ్యేది. చెయ్యి పొడిగా ఉండేది. "చూడు పాపా, యాడికి పోయిందో చెప్పు" అని నవ్వేవాడు. కంటికి కనపడకుండా పోయింది ఎక్కడికీ పోలేదని, ఇక్కడే మన చుట్టూ ఉందని ఆ వయసులో ఎవరికి తడుతుంది. నేను ఆకాశం వైపు చూపించేదాన్ని.

చిన్నాయనకు ఇంకా పెళ్ళి కాలేదు. ఇంటికి చిన్నవాడు, అవ్వకు ప్రాణం. ఎప్పుడూ నవ్వులాటే. ఇంజనును తుడిచి తుడిచి, "అమ్మా, నీకు కోడలొచ్చింది చూడు. మా వదిన లెక్క మూతి ముడవదు, గట్టిగా అరుస్తాది" అని మా అమ్మను ఉడికించేవాడు.

ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు బాగా దిగిపోయినాయి. ఇంజను ఒడ్డున ఉంటే నీళ్ళు అంత లోతునుంచి లాగలేదు. అందుకని దాన్ని మోకులు కట్టి బావిలోకే దించి, గోడలో ముందుకొచ్చిన ఒక వెడల్పాటి బండ మీద కూర్చోబెట్టారు. మా పక్క అందరూ చేసింది అదే. పొగగొట్టాన్ని పైదాకా తేవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, పొగ ఎట్లాగూ పైకే పోతుంది కదా అని. మొదటిరోజు పొద్దుటినుంచి ఆడింది. పడమటి గోడ మీద ఆ మసి పట్టింది ఆ రోజే. మధ్యాహ్నానికి దగ్గి దగ్గి ఆగిపోయింది. నేను అప్పుడే అమ్మ ఇచ్చిన సద్ది గంప దించి, కానుగ చెట్టు కింద కూర్చున్నాను. పొగంతా పోయేదాకా కాచుకున్నారు కూడా. కంటికి కనపడేదంతా పోయింది. అవ్వ లాంతరు ముట్టించి దించింది. గాలి లేదు. మంట వత్తి మీద నిటారుగా, కదలకుండా నిలబడింది. అంత చక్కటి మంటను నేనెప్పుడూ చూడలేదు. అవ్వ ఆకు నమిలి ఊసి, "ఉసురుండాది. దిగు నాయనా" అంది.

"నాకూ ఒక ఆకు మడిచి పెట్టు మా. వచ్చి నములుతా" అని చిన్నాయన రాళ్ళు పట్టుకొని దిగాడు. అవ్వ ఆకు మడిచి చేతిలో పెట్టుకుంది. కింద ఏవో ఇనుప చప్పుళ్ళు. కాసేపటికి, "అన్నా, తలకాయ దిమ్మెక్కతాండాది" అన్న మాట వచ్చింది. తరువాత చప్పుళ్ళు ఆగిపోయాయి. మా నాయన గట్టు మీద పండుకొని తొంగి చూశాడు. నేనూ చూశాను. చిన్నాయన గోడకు ఆనుకొని, కాళ్ళు చాపుకొని, అన్నం తిన్నాక కునుకు తీసేవాడిలా కూర్చున్నాడు. పక్కన లాంతరు నిక్షేపంగా వెలుగుతోంది. అవ్వ పైనుంచి, "రేయ్ ఓబులేసూ, ఆడ పండుకుంటావేంరా" అంటూనే ఉంది. నాయన నడుముకు మోకు కట్టుకొని, ఊపిరి బిగబట్టి దిగి, తమ్ముడిని కట్టి పైకి పంపి, తాను ఎట్లాగో వచ్చి పడ్డాడు. రెండురోజులు వాంతులే. తల పగిలిపోతోందని గోడకు కొట్టుకున్నాడు.

చిన్నాయనను కానుగ నీడలో పడుకోబెట్టారు. ఆయన పెదాలు ఎర్రగా ఉన్నాయి. నిజంగా ఎర్రగా, అప్పుడే ఆకు నమిలినట్లు. గోళ్ళ కింద, అరచేతుల్లో కూడా ఎరుపు, పెళ్ళికొడుకుకు గోరింటాకు పెట్టినట్లు. చుట్టూ చేరిన వాళ్ళలో ఒకరు, "ఆకు నమిలినాడా ఏమప్పా" అన్నారు. ఆయన కోసం మడిచిన ఆకు అవ్వ పిడికిట్లోనే ఉంది. పక్క ఊరి కాంపౌండరు వచ్చి, చెయ్యి పట్టి చూసి, ముక్కు దగ్గర దూది పెట్టి, కళ్ళు విప్పి చూసి లేదన్నాడు. అవ్వ వినలేదు. "ఎంతమందికి నీళ్ళు పోసి సాగనంపినా నేను. సచ్చినోడు నల్లబడతాడు, పాలిపోతాడు. ఎర్రగా ఉంటాడా యాడన్నా? వాడు పండుకోనుండాడు. లేస్తాడు, ఉండండి" అంది. సాయంత్రం దాకా ఉన్నారు. లేవలేదు. ఎండల కాలం, ఇంక ఆపలేమని నాయన గట్టిగా చెప్పి, చేని మూల గుంత తీయించాడు. నాయన మొదటి పిడికెడు మన్ను వేస్తుంటే అవ్వ అరవలేదు, ఏడవలేదు. "పెద్దోడా, ఉసురుండేవాని మింద మన్ను పోస్తాండావు" అని మాత్రం అంది. ఆ తరువాత ఏళ్ళ తరబడి ఆమె నాయనతో నేరుగా మాట్లాడదని ఎవరూ అనుకోలేదు.

మరుసటిరోజు పొద్దున ఆమె ఒక వెదురు గొట్టం సంపాదించింది. పొయ్యిలో ఇనుపకడ్డీ ఎర్రగా కాల్చి, కణుపులన్నీ తానే తొలిచింది. దాన్ని తీసుకెళ్ళి సమాధి మట్టిలో తలవైపు లోతుగా దింపింది. వాడికి గాలి ఆడాలట. ప్రతిరోజూ పొద్దున్నే పోయి, గొట్టంలో చీమలు, ఆకులు పడితే చీపురుపుల్లతో తీసేది. తరువాత చెవి ఆనించి కూర్చునేది. నాయన ఒకసారి దాన్ని పీకబోతే నా చెయ్యి పట్టుకొని, "మీ నాయనకు చెప్పు. అది తీసిన దినం నేను బావిలో దిగుతానని చెప్పు" అంది. నాయన ఎదురుగానే ఉన్నాడు. నేను తిరిగి ఆ మాటను ఆయనకు చెప్పాల్సి వచ్చింది. అది మొదలు ఒకే ఇంట్లో తల్లీకొడుకుల మధ్య మాటలు మోసే పని నాదయింది. ఆయన పెట్టిన కూడు కూడా ఆమె ముట్టేది కాదు, అమ్మ పెట్టాలి. నాయన ఏనాడూ ఆమెను ఎదిరించలేదు. కానీ ఆ గొట్టం వైపు చూసినప్పుడల్లా ఆయన ముఖం ఎట్లా మారేదో నాకు తెలుసు. ఆయనకూ అనుమానమే. తమ్ముడు నిజంగా పోయే ఉన్నాడా, తాను ఊపిరున్నవాడిని పూడ్చేశాడా అని. ఆ అనుమానం మా ఇంట్లో ఇంకొక మనిషిలాగా తిరిగేది.

మా మిట్టలమీద గాలికి కొదవ లేదు. ఆషాఢంలో పడమటి గాలి లేస్తే ఆ గొట్టం మోగేది. ఊ అని సన్నగా, ఆగి ఆగి. మధ్యాహ్నం పూట కూలీలు ఆ మూలకు పోవడం మానేశారు. ఓబులేసు పిలుస్తున్నాడని చెప్పుకున్నారు. అవ్వకు మాత్రం అది వింటే ధైర్యం. నేనొకసారి, ఎవరూ లేనప్పుడు, చెవి పెట్టి చూశాను. ఎండ మాడిపోతోంది. గొట్టంలోంచి చల్లటి గాలి నా చెవికి తగిలింది, మనిషి ఊపిరి వదిలినట్లు. ఇప్పుడైతే నేల లోపలి చల్లదనం గురించి, గాలి బరువు గురించి చెప్పగలను. ఆ రోజు ఇంటిదాకా పరుగెత్తి, కుండలో నీళ్ళు తాగి, గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఎవరికీ చెప్పలేదు. అవ్వకు చెప్పి ఉంటే ఆమె మన్ను తవ్వి ఉండేది.

దీపం ఎందుకు తప్పు చెప్పిందన్న దానికి ఊరు తనదైన కారణం చెప్పుకుంది. ఇంజను తాగేది సీమనూనె, లాంతరు తాగేదీ సీమనూనె, ఒకే డబ్బాలోది. రెండూ చుట్టాలు. చుట్టం చేసిన పాపాన్ని చుట్టం బయటపెడుతుందా? అందుకే కడుపులో పెట్టుకుంది అన్నారు. అవ్వ అది నమ్మింది. అప్పటినుంచి బావిలోకి దించేది ఆముదం దీపమే. ఆముదం మన చేనిలో పండేది, అది అబద్ధమాడదు అనేది. కొడుకుది చావే కాదంటూనే, దీపం అబద్ధమాడిందని ఎట్లా నమ్మేదో నాకు అర్థమయ్యేది కాదు. దుఃఖంలో ఉన్న మనిషికి రెండు గదులుంటాయి, ఒకదాంట్లో పెట్టింది ఇంకొకదాంట్లోకి రానివ్వరు.

నన్ను అనంతపురం కాలేజీలో చేర్పించింది నాయనే. అక్కడ ఒక రోజు మా లెక్చరర్ బోర్డు మీద పొడుగాటి గోపురంలాంటి బొమ్మ గీశాడు. నేలలోంచి తీసిన నల్లటి ముడినూనెను కాచి ఆ గోపురంలోకి పంపిస్తే, తేలికగా ఆవిరయ్యేది పైకి పోతుంది, బరువుది కింద ఉంటుంది. పైన పెట్రోలు, దానికింద సీమనూనె, దానికింద డీజిలు, అట్టడుగున తారు. అన్నిట్లోనూ ఉండేది బొగ్గూ హైడ్రోజనే, గొలుసులు పొడుగూ పొట్టీ, అంతే తేడా. చుట్టరికం సంగతిలో మా ఊరు తప్పు చెప్పలేదే అనుకున్నాను. తరువాత ఆయన మండడం గురించి చెప్పాడు. గాలి చాలినంత దొరికితే నూనె శుభ్రంగా మండి బొగ్గుపులుసు గాలీ, నీటి ఆవిరీ అవుతుంది. గాలి చాలకపోతే సగం మండుతుంది. కొంత మసి అవుతుంది, కొంత ఇంకొక గాలి అవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట ఇంజను ఆడితే అదే పుడుతుంది. నెత్తుట్లో చేరిందంటే ప్రాణవాయువును పట్టనివ్వకుండా తానే అతుక్కుంటుంది. "అప్పుడు నెత్తురు మరీ ఎర్రగా అవుతుంది. చనిపోయిన మనిషి కూడా ఆరోగ్యంగా ఉన్నట్లు కనిపిస్తాడు" అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. "సార్, ఆడ దీపం పెడితే ఆరిపోతాదా సార్" అని అడిగాను. మా ఊరి మాట వచ్చినందుకు వెనకనుంచి నవ్వారు. "ఎందుకు ఆరుతుందమ్మా. మనిషిని చంపడానికి అది రవ్వంత చాలు. దీపానికి దాంతో ఏం పని? బొగ్గు గనుల్లోకి చిన్న పిట్టలను తీసుకుపోయేవాళ్ళు అందుకే, మనిషికంటే ముందు అవి పడిపోతాయి" అన్నాడు. నేను కూర్చోలేదు. పుస్తకాలు అక్కడే వదిలేసి బయటికి పోయి, నీళ్ళ తొట్టి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

సెలవుల్లో ఇంటికి పోయి అవ్వకు చెప్పాను, నాకు వచ్చినంత మెల్లగా, తెలిసిన మాటల్లో. ఆమె అంతా విని, వక్క కొరికి, "ఆ పుస్తకం రాసినోడు మావాన్ని చూసినాడా?" అంది. "లేదవ్వా." "మరి వానికెట్ల తెలుస్తాది" అని చీపురుపుల్ల తీసుకొని గొట్టం దగ్గరికి పోయింది. నాయన మాత్రం గడప మీద కూర్చొని, "అంటే వాడు నిజంగానే పోయిండ్యా పాపా?" అని అడిగాడు. పోయాడు నాయనా అన్నాను. తల ఊపాడు గానీ నమ్మలేదు. నేను ఆయన కూతురిని కదా, ఆయన కోసం అట్లా చెప్తున్నానని అనుకున్నాడు.

ఆ ఏడూ వానలు లేవు. మడిలో రాగి వాడిపోతోంది. అదొక్కటే ఆ సంవత్సరం మాకు తిండి. నేను పక్క ఊళ్ళో మేనత్త ఇంటికి పోయి వచ్చేసరికి నాయన ఇంజనును మళ్ళీ ఆ బండ మీదికి దించి ఆడిస్తున్నాడు. నేను చేనికి పరుగెత్తేసరికి అది ఆగిపోయి ఉంది. అవ్వ అప్పటికే ఆముదం దీపం దించి, ఆకు నమిలి ఊసింది. ఇన్నేళ్ళు మాట్లాడకపోయినా కొడుకు బావిలో దిగుతున్నాడంటే దీపం తెచ్చింది. నన్ను చూసి, "మీ నాయనకు చెప్పు, ఉసురుండాదని" అంది. తొంగి చూశాను. మంట నిటారుగా, కదలకుండా ఉంది.

"దిగొద్దు నాయనా" అన్నాను.

"రాగి పోతాది పాపా. దీపం ఉండాది కదా."

"ఆ దినమూ ఉండ్య కదా దీపం."

అవ్వ నావైపు తిరిగింది. "అది సీమనూనెది. ఇది నా ఆముదం. నా దీపం మింద నీకు నమ్మకం లేదా మే?" నేను భయపడుతూనే, పక్కన ఒక కోడిని దించి చూద్దామన్నాను. నాయన, "కోడికేం తెలుసు" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. అవ్వకు రోషం వచ్చింది. విసవిసా ఇంటికి పోయి, తన ఎర్ర పుంజును చంకలో పెట్టుకొని వచ్చింది. ఎవరినీ ముట్టనివ్వని పుంజు అది. తానే దాన్ని గంపలో పెట్టి, పైన వల కట్టి, "చూస్కో. ఇది ఆడ నించి కూత పెడతాది" అని, దీపం పక్కకే దించింది. ముందు రెక్కల చప్పుడు వినిపించింది. కొంచెంసేపు గొణిగినట్లు ఏదో. తరువాత ఏమీ లేదు. ఎండలో అందరం గట్టు మీద వంగి, ఆ చిన్న పసుపు వెలుగును చూస్తూ నిలబడ్డాం. అది హాయిగా వెలుగుతూనే ఉంది. ఆ వెలుగును చూస్తే నాకు వేసినంత భయం జీవితంలో మళ్ళీ దేన్ని చూసినా వేయలేదు.

అవ్వ రెండు తాళ్ళూ తానే లాగింది. దీపం వెలుగుతూ వచ్చింది. పుంజు మెడ వాల్చి వచ్చింది. నాయన నడుముకు చుట్టుకున్న మోకు విప్పి కింద పడేసి, నేల మీద కూలబడ్డాడు. అవ్వ పుంజును ఒళ్ళో పెట్టుకొని, దీపం వైపు ఒకసారి, దానివైపు ఒకసారి చూసింది. "దీపం బతికింది కదా పాపా" అంది, చిన్నపిల్ల అడిగినట్లు.

"దీపానికి నెత్తురు లేదవ్వా" అన్నాను.

ఆమె బొటనవేలితో పుంజు తలమీది ఎర్ర జుట్టును నొక్కి చూసింది. ఎన్ని కోళ్ళు కోసిన చేతులో అవి. చచ్చిన కోడి జుట్టు కాసేపటికే నల్లబడి వాడిపోతుందని ఆమెకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. దాన్ని ఇంటికి తీసుకుపోయి అరుగు మీద గోనెపట్టపై, లాంతర్లు తుడిచే చోట పెట్టుకొని కూర్చుంది. అన్నం తినలేదు. అమ్మ వండుతానంటే చేత్తో వద్దంది. మధ్యమధ్యలో వేలితో ఆ జుట్టును తాకేది. తెల్లారి నేను లేచేసరికి అట్లాగే కూర్చొని ఉంది. పుంజు కట్టెలా బిగుసుకుపోయింది. జుట్టు మాత్రం మందారంలా ఎర్రగా ఉంది, బతికున్ననాటి కంటే ఎర్రగా.

ఇప్పుడు మా ఊరి మిట్టల మీద వరసగా గాలిమరలు నిలబెట్టారు. పగలూ రాత్రీ అవి ఊ అని మూలుగుతూనే ఉంటాయి, హరి పిల్లలకు అది చప్పుడే కాదు. నీళ్ళ మోటర్లు నేలలో ఎక్కడో పాతాళంలో ఉంటాయి, ఎవరూ దిగి చూడాల్సిన పనిలేదు. మీట నొక్కితే నీళ్ళొస్తాయి, రాకపోతే ఇంకో బోరు వేస్తారు. మంచిదే. నీళ్ళ కోసం మనిషిని దించే కాలం పోయిందంటే నాకు సంతోషమే. కానీ, మొన్న జేసీబీ మన్ను కుమ్మరిస్తుంటే ఆ పిల్లలు "ఆ మసి ఏంది జేజీ" అని అడిగారు. గాలి దొరకని బొగ్గు నాయనా అన్నాను. వాళ్ళు సరే అని సెల్‌ఫోన్ చూసుకున్నారు. చూస్తుండగానే పడమటి గోడ మన్నులో మునిగిపోయింది. ఒకప్పుడు ఇంట్లో అందరం ఒకే భయంతో బతికేవాళ్ళం, దాని పేరు తెలియక. పేరు తెలిసినవాళ్ళం ఇప్పుడు చాలామందిమి ఉన్నాం, అయినా జనరేటరు ఇంజనును మూసిన గదిలో పెట్టి పక్కన పడుకునేవాళ్ళూ ఉన్నారు.

ఆ పొద్దున అవ్వ అరుగు మీద నుంచి లేచి, పుంజును కొంగులో చుట్టుకొని చేని వైపు నడిచింది. నేను వెంట పోయాను. నాయన కొంచెం దూరంలో వచ్చాడు, ఆమె తిరిగి చూస్తే ఆగిపోవాలన్నట్లు. సమాధి దగ్గర ఆమె అలవాటుగా చీపురుపుల్ల తీసింది. తరువాత దాన్ని పక్కన పడేసింది. చెవి పెట్టలేదు. రెండు చేతులతో వెదురు గొట్టాన్ని పట్టుకొని లాగింది. ఏళ్ళ తరబడి మన్ను పట్టేసింది, రాలేదు. ఆమె తల ఎత్తకుండానే, "పెద్దోడా, ఒక చెయ్యి వేయప్పా" అంది.

నాయన వచ్చి పట్టాడు. ఇద్దరూ కలిసి లాగారు. గొట్టం వచ్చింది. కింద ఒక చిన్న రంధ్రం మిగిలింది. అవ్వ పిడికెడు మన్ను తీసుకొని దాంట్లో పోసి, అరచేత్తో అదిమింది. ఇంకొక పిడికెడు తీసి నాయన చేతిలో పెట్టింది. ఆమె ఆ చేతిని పట్టుకొని తానే మన్ను వేయించింది.

"నువ్వు సచ్చిపోయినోన్నే పూడ్చినావు లేప్పా" అంది. "నిజంగానే సచ్చిపోయిండ్య వాడు."

అని, కొడుకు పోయిన ఇన్నేళ్ళకు మొదటిసారి, ఆ మట్టి మీద పడి గట్టిగా ఏడ్చింది. నాయన పక్కన కూర్చొని, ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. పొద్దెక్కి గాలి లేచేదాకా మేము అక్కడే ఉన్నాం. గాలి చేనంతా తిరిగి పోయింది, ఏ చప్పుడూ చేయలేదు.